తేరుకోనీ

అమెరికాలో ప్రాజెక్ట్ మీద ఉన్న మూడేళ్లలో నేను కొత్తగా నేర్చుకున్న విద్య ఒక్కటే: ఇంట్లో బీరు కాయడం. మదనపల్లె వైపు 'కాయడం' అంటే సారానే కాబట్టి ఈ సంగతి ఇంట్లో చాలాకాలం చెప్పలేదు. అక్కడ మాత్రం అది చట్టబద్ధమైన సరదా. 1978లో కార్టర్ సంతకం చేసిన చట్టం పుణ్యమా అని, ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల దాకా సొంతానికి కాచుకోవచ్చు.

నా మొదటి బీరు రుచికి పర్లేదు, చూపుకి మాత్రం కుడితినీళ్లే. పక్క సీటు కొలీగ్ చూసి నవ్వి, రెండు చిట్కాలు చెప్పాడు. మరగడం ఇంకో పావుగంటలో అయిపోతుందనగా చిటికెడు ఐరిష్ మాస్ వెయ్యి. పులిశాక బాగా చల్లబరిచి కాస్త జెలటిన్ కలుపు. రెండోసారి అలాగే చేశా. రెండు రోజులకి గ్లాసు వెనక పెట్టిన పేపర్లో అక్షరాలు చదవగలిగా. ఆ క్షణంలో నాకు జర్మనీ గుర్తు రాలేదు, బెల్జియం గుర్తు రాలేదు. పుంగనూరు దగ్గర మా అవ్వవాళ్ల ఊళ్లో నీళ్ల కడవ గుర్తొచ్చింది.

ముందు బీరు సంగతి ముగిస్తాను. మసకకి కారణం ప్రొటీన్లు, పాలిఫినాల్స్, ఇంకా తేలుతుండే ఈస్టు. ఈస్టు కణాల మీద రుణావేశం ఉంటుంది. ఒకదాన్నొకటి నెట్టుకుంటూ కిందికి దిగవు. జెలటిన్‌కి బీరులో ధనావేశం. అది వాటిని దగ్గరికి లాగి, ముద్ద చేసి, బరువెక్కించి, తనతో పాటే అడుక్కి తీసుకుపోతుంది. ఐరిష్ మాస్ అనే సముద్రపు నాచుది ఎదురు ఆవేశం, అది మరుగులో ప్రొటీన్లని పట్టుకుంటుంది. జెలటిన్ కంటే ముందు ఇంగ్లండులో ఈ పని చేసింది ఐసింగ్‌లాస్, అంటే ఎండబెట్టిన చేప గాలితిత్తి. దాన్ని రష్యా నుంచి స్టర్జన్ చేపలది తెప్పించుకునేవాళ్లు, బాగా ఖరీదు. ఆవిరి యంత్రాల విలియం మర్డాక్ 1795లో కాడ్ చేపతో చవక ప్రత్యామ్నాయం తయారుచేస్తే, లండన్ బ్రూవర్లు ఆయనకి 2000 పౌండ్లిచ్చారు. 1842లో పిల్సెన్ ఊళ్లో జోసెఫ్ గ్రోల్ బంగారు రంగు బీరు కాచాడు. గాజు గ్లాసులు చవకయ్యే కొద్దీ ఆ తేటదనమే నాణ్యతకి గుర్తయింది. లోహపు కప్పులో కనపడని మసక గాజులో కనపడుతుంది మరి.

ఇక కడవ. వానలు పడ్డాక చెరువు నీళ్లు ఎర్రమట్టితో వచ్చేవి. అవ్వ ఒక చిన్న గుండ్రటి గింజని తడిపి, కడవ లోపలి గోడకి గంధం తీసినట్టు అరగదీసి, నీళ్లు పోసి మూత పెట్టేది. నాకు ఓపిక ఉండేది కాదు, చెంబు ముంచబోతే చెయ్యి పట్టుకునేది. "కదపొద్దు నాయనా, తేరుకోనీ." కొంతసేపటికి మట్టంతా అడుక్కి దిగి, పైన తేట మిగిలేది.

అది చిల్లగింజ. ఇండుపగింజ అని కూడా అంటారు, సంస్కృతంలో కతకం. బంకమట్టి కణాలదీ ఈస్టు కథే, ఒకే ఆవేశంతో ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతుంటాయి. చిల్లగింజలోని పాలిసాకరైడ్లు, ప్రొటీన్లు వాటిని జట్టు కట్టించి దించుతాయి. సుశ్రుత సంహితలో నీళ్లని తేటపరిచే వస్తువుల జాబితా ఒకటుంది. అందులో మొదటిది కతకం. అదే జాబితాలో శైవాల మూలం, అంటే నాచు వేరు కూడా ఉండటం చూసి, ఐరిష్ మాస్ వేసిన నా చేతులు కాసేపు కీబోర్డు మీద ఆగిపోయాయి. మనుస్మృతి ఇదే గింజని ఉపమానంగా వాడుకుంది: దాని పేరు తలచుకున్నంత మాత్రాన నీళ్లు తేటపడవని. శంకరులదని చెప్పే ఆత్మబోధ ఇంకో మెట్టు దిగింది. ఆ పొడి నీళ్లలోని మురికిని తీసి తనూ మాయమైనట్టే, జ్ఞానం కూడా అజ్ఞానాన్ని పోగొట్టి తనూ పోతుందట. జెలటిన్ గురించి ఇంతకంటే మంచి వివరణ నేను ఏ బ్రూయింగ్ పుస్తకంలోనూ చదవలేదు.

కుప్పం దగ్గర మూడు రాష్ట్రాలు కలుస్తాయి, మూడు భాషలూ కలుస్తాయి. తమిళంలో ఈ గింజ పేరు తేట్రాన్‌కొట్టై. తేట్రు అంటే తేటపరచడం, ఓదార్చడం కూడా. మన తేట, తేరు ఆ వేరువే. నీళ్లూ తేరుకుంటాయి, జ్వరం పడ్డ మనిషీ తేరుకుంటాడు. ఈ భాషలకి రెండూ ఒకటే పని.

తాతది బెల్లం గానుగ. చెరుకురసం పెనంలో కాగేటప్పుడు దంచి నానబెట్టిన బెండకాండం జిగురు పోసేవాడు. కొంచెం సున్నం వేసేవాడు. బీరులో మడ్డి కిందికి దిగుతుంది, బెల్లంలో జిగురు మురికిని పట్టుకుని తెట్టుగా పైకి తేలుతుంది. జల్లిగంటెతో తీసి పారేయడమే. తీసినకొద్దీ పాకం తేటపడేది. బెల్లం మాత్రం గోధుమరంగులోనే ఉండేది, ఎందుకంటే అది దాని రంగు.

మండీకి ఆ రంగు నచ్చలేదు. పసుపచ్చగా మెరిసే దిమ్మెకి ఎక్కువ రేటు, గోధుమరంగు దిమ్మెకి తక్కువ. ఒకసారి తాత సరుకు రంగు లేదని అమ్ముడుపోకుండానే బండిలో వెనక్కొచ్చింది. తర్వాతి ఏడు గానుగ దగ్గర ఒక తెల్లపొడి డబ్బా కనపడింది. అందరూ దాన్ని హైడ్రోస్ అనేవాళ్లు, అంటే సోడియం హైడ్రోసల్ఫైట్. అది మురికిని పట్టుకోదు, రంగుని విరగ్గొడుతుంది. పని అయ్యాక వెళ్లిపోదు, సల్ఫర్ డైఆక్సైడ్‌ని బెల్లంలో వదులుతుంది. నిలవుంటే రంగు మళ్లీ తిరిగొస్తుంది కూడా. తాతని తప్పు పట్టలేను. అప్పు రంగు చూసి ఆగదు కదా.

నల్లబడ్డ బెల్లానికి ఇంకో కొనుగోలుదారు ఉన్నాడు, సారా బట్టీ. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో దాన్ని సడలించినా సారా మీద నిషేధం పోలేదు. ఆ గొడవలో నల్లబెల్లం నేరవస్తువైంది. బస్తాలు పట్టుకోవడాలు, వ్యాపారులు హైకోర్టుకి వెళ్లడాలు, పేపర్లో 'బెల్లం ఊట ధ్వంసం' ఫొటోలు. అంటే ఒక రైతు బెల్లం పచ్చగా మెరిస్తే అందులో మందుంది, నల్లగా ఉంటే పోలీసుంది. ఇక ఆ ఊట నుంచి దించిన సారా ఎంత తేటగా ఉంటుందో! మిథైల్ ఆల్కహాల్ కలిసినా అంతే తేటగా ఉంటుంది. కళ్లు పోయేది తాగాకే.

తేటదనాన్ని మనం ఎప్పుడూ సాక్ష్యంగా తీసుకుంటాం, బీరులోనూ, బెల్లంలోనూ, నీళ్లలోనూ. చూడాల్సింది మాత్రం ఎలా తేటపడిందని. మురికిని పట్టుకుని దాంతో పాటు వెళ్లిపోయే వస్తువు వల్లా, లేక రంగు మాత్రం తుడిచి తనూ లోపలే కూర్చునే వస్తువు వల్లా?

ఇప్పుడు ఫ్యాషన్ తిరగబడింది. వెర్మాంట్‌లో మొదలైన మసక ఐపీఏ కోసం బెంగళూరు పబ్బుల్లో మావాళ్లు వరస కడుతున్నారు. సూపర్‌మార్కెట్లో ముదురు గోధుమరంగు బెల్లానికి 'ఆర్గానిక్' అని లేబులేసి, పచ్చదాని కంటే ఎక్కువ రేటు పెట్టారు. ఆ పొట్లం కొని బిల్లు చూసినప్పుడు తాత బండి గుర్తొచ్చింది.

పోయిన దసరాకి మదనపల్లెలో నాటుమందుల అంగడికి వెళ్లి చిల్లగింజలు అడిగా. దొరికాయి. పుంగనూరు ఇంటికి తీసుకెళ్లి పరీక్షిద్దామంటే మట్టినీళ్లు లేవు. కుళాయిలో వచ్చేది బోరునీళ్లు, ఎంతో లోతు నుంచి వస్తాయి, నలక కూడా ఉండదు. తాగడానికి మాత్రం ఎవరూ వాడరు, క్యాన్ తెప్పించుకుంటారు. ఫ్లోరైడ్ మసకగా ఉండదు కదా. చివరికి పెరట్లోంచి నేనే గుప్పెడు ఎర్రమట్టి తెచ్చి బకెట్లో కలిపా. గింజ అరగదీశా. మా పాప వచ్చి చెంబు ముంచబోయింది. నేను దాని చెయ్యి పట్టుకున్నా.