మూడు అణాలకి పంతొమ్మిది పైసలు

1957 ఏప్రిల్ 1న రూపాయికి 100 నయాపైసలు అయ్యాయి. అంతకుముందు రూపాయికి 16 అణాలు, అణాకి 12 పైలు. పాత అణా కొత్త లెక్కలో 6.25 నయాపైసలు. పావు పైస నాణెం లేదు కాబట్టి మార్పిడి పట్టిక ఇలా వచ్చింది: 1 అణాకి 6, 2 అణాలకి 12, 3 అణాలకి 19, 4 అణాలకి 25.

అప్పటికి శ్రీకాకుళం జిల్లాలో ఉన్న బొబ్బిలి సంతలో ఎవరో మూడు అణాల సరుకు ఒకేసారి కొన్నారనుకోండి, 19 పైసలు. అదే అణా చొప్పున మూడుసార్లు కొంటే 18. పదహారు సార్లు కొంటే 96. పాత లెక్కలో అది నిండు రూపాయి. ఆ నాలుగు పైసలు పోయింది అమ్మినవాడికి.

ఇంకో తేడా ఉంది. 192 పైలని మూడుతో భాగించొచ్చు. రూపాయిని ముగ్గురు పంచుకుంటే తలా 5 అణాల 4 పైలు, మిగిలేదేం లేదు. కొత్త లెక్కలో తలా 33 పైసలు, ఒక పైస మిగులు. అది ఎవరిది?

ప్రోగ్రామర్లు రోజూ ఎదుర్కొనే ప్రశ్నే ఇది. అదే 1957లో ఐబీఎం 704 కోసం ఫోర్‌ట్రాన్ వచ్చింది, ఫ్లోటింగ్ పాయింట్ లెక్కలతో. తర్వాత ఆల్గోల్ 60లో ఆ రకానికి ‘రియల్’ అని పేరు పెట్టారు. పేరుకే వాస్తవ సంఖ్య. మెషీన్లో ఉండేది 2 ఘాతం హారంగా ఉన్న భిన్నమే. అందుకే దానికి 0.1 కచ్చితంగా తెలీదు. 0.1కి 0.2 కలిపితే పైథాన్ 0.30000000000000004 అంటుంది.

మన పాత తెలుగు లెక్కల్లో భిన్నాలు నాలుగు ఘాతాల మీద నడిచేవి: కాలు, వీసం, అలా కిందికి. నిలువు గీతలు ఒక స్థానానికి, అడ్డగీతలు తర్వాతి స్థానానికి. ధాన్యం కొలతలూ అంతే. ఒక లెక్కలో రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం, నాలుగు కుంచాలు తూము. ఇవన్నీ ఫ్లోట్‌లో పొల్లుపోకుండా ఇముడుతాయి. కానీ మూడో వంతు వాటికీ ఇమడదు.

మూడో వంతుని మూడో వంతుగానే ఉంచేది అకరణీయ సంఖ్య. లవం ఒకచోట, హారం ఒకచోట. తెలుగు భిన్నాల గుర్తులు 2008లో యూనికోడ్ 5.1లోకి వచ్చాయి. అదే ఏడాది పైథాన్ 2.6లో ఫ్రాక్షన్ రకం కూడా వచ్చింది. తాత ఆస్తిలో నాలుగో వంతు, దాన్లో మూడో వంతు, దాన్లో అయిదో వంతు: 1/60. ఎన్ని తరాలు దిగినా వాటాలన్నీ కలిపితే ఒకటే. హారాలు పెరిగేకొద్దీ లెక్క నెమ్మదిస్తుంది, నిజమే. పైగా చదరపు మడి కర్ణం పొడవు దానికి అందదు.

కాబట్టి నేను చూసేది ఒకటే: ఆ సంఖ్య ఎక్కణ్ణుంచి వచ్చింది? టేపు పెట్టి కొలిచిందైతే కొలతలోనే కాస్త తేడా ఉంటుంది, ఫ్లోట్ చాలు. పంచిందైతే అకరణీయం కావాలి. చివరికి చేతికి డబ్బులిచ్చేటప్పుడు పైసల్లోకి దించక తప్పదు. అప్పుడు మిగిలే పైస ఎవరికి వెళ్ళాలో ముందే రాసిపెట్టాలి. 1957 పట్టిక కనీసం ఆ పని చేసింది, అందరికీ కనబడేలా. రౌండింగ్‌ని డిఫాల్ట్‌కి వదిలేసిన కోడ్‌లో అది కూడా కనబడదు.