లదోగా మంచుబాట

1941 నవంబరు 22 రాత్రి, లదోగా సరస్సు పడమటి ఒడ్డున ఉన్న కొక్కొరెవో నుంచి అరవై లారీలు మంచు మీదికి దిగాయి. ముందు రోజే గుర్రపు స్లెడ్జిలు అవతలి ఒడ్డుకు బయలుదేరి దారి చూపించాయి. బరువుతో ఉన్న లారీని మోయాలంటే మంచు జానెడు మందమైనా ఉండాలి. ఆ రాత్రికి అది అంతంతమాత్రమే.

ఆగడానికి వీల్లేని పరిస్థితి. సెప్టెంబరు 8 నుంచి లెనిన్‌గ్రాడ్ జర్మన్ సేనల ముట్టడిలో ఉంది. పనిచేయలేని వాళ్లకూ, పిల్లలకూ రోజుకు 125 గ్రాముల రొట్టే దక్కుతోంది. అందులోనూ పిండి కొంతే, మిగతాదంతా కల్తీ. బయటి నుంచి తిండి రావడానికి మిగిలిన దారి ఈ సరస్సొక్కటే. అవతలి ఒడ్డున కొబోనా దాకా సుమారు 30 కిలోమీటర్లు.

ఆ లారీల పేరు గాజ్-ఏఏ. ఒకటిన్నర టన్ను మోస్తుంది గనక రష్యన్లు దాన్ని పొలుతోర్కా అని పిలుచుకున్నారు, అంటే ‘ఒకటిన్నరది’ అని. మొదటి రోజుల్లో అంత బరువు వేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. లారీలో కొద్ది బస్తాలే వేసి, వెనక తాడుతో కట్టిన స్లెడ్జి మీద మరికొన్ని లాక్కొచ్చేవారు. బరువంతా ఒకేచోట పడకుండా అదో ఉపాయం. మంచు విరిగితే దూకేయడానికి వీలుగా క్యాబిన్ తలుపులు తెరిచే నడిపేవారు, కొందరైతే ఊడదీసి పక్కన పడేశారు. మైనస్ 30 డిగ్రీల చలిగాలి ఒంటికి కొడుతుంటే, తలుపు లేని బండిలో స్టీరింగ్ పట్టుకుని కూర్చున్న మనిషిని ఒక్కసారి ఊహించుకోండి.

అయినా మొదటి కొన్ని వారాల్లోనే వందకు పైగా లారీలు మునిగాయి.

ఇక్కడే ఒక చిక్కుముడి ఎదురైంది. పిండి బస్తాలతో నగరానికి వచ్చే లారీలు క్షేమంగా దాటుతుంటే, జనాన్ని ఎక్కించుకుని తేలిగ్గా తిరిగి వెళ్లే లారీల కింద మంచు విరుగుతోంది. బరువే కారణమైతే జరగాల్సింది దీనికి విరుద్ధంగా కదా! లెనిన్‌గ్రాడ్ భౌతిక సాంకేతిక సంస్థ శాస్త్రవేత్తలు దీని వెంట పడ్డారు. వాళ్లూ ఆకలితో నకనకలాడుతున్నవాళ్లే. నవూమ్ రేనోవ్ మంచు వంపును గీతగా గీసి చూపే ప్రొగిబొగ్రాఫ్ అనే పరికరం తయారుచేశాడు.

జవాబు వేగంలో దొరికింది. పడవ వెళ్తే చెరువులో అల లేచినట్టే, లారీ వెళ్తుంటే మంచూ వంగి, దాని కింద నీటిలో అల పుడుతుంది. లారీ వేగం ఆ అల వేగంతో కలిసిందంటే, ఊగే ఉయ్యాలను సరిగ్గా అదనుకు తోసినట్టే, వంపు పెరిగి పెరిగి మంచు పగులుతుంది. లదోగాలో ఆ ప్రమాదకర వేగం గంటకు 35 కిలోమీటర్లని తేలింది. బస్తాల లారీ అంతకంటే నెమ్మదిగా వచ్చేది. తేలిక లారీ ఉరుకుతూ సరిగ్గా ఆ వేగాన్ని అందుకునేది. దాంతో డ్రైవర్లకు వేగం మీదా, బండికీ బండికీ మధ్య దూరం మీదా కట్టుబాట్లు వచ్చాయి.

దారి పొడవునా తెల్లని మంచుకోట్లు వేసుకుని, చేతిలో జెండా, రాత్రిళ్లు లాంతరు పట్టుకుని నిలబడినవాళ్లలో చాలామంది అమ్మాయిలే. పగుళ్లు ఎక్కడున్నాయో, ఎటు మళ్లాలో చెప్పేది వాళ్లే. పైనుంచి బాంబులు పడుతున్నా చోటు వదల్లేదు. ఈ బాట కథలో వాళ్లకు దక్కాల్సినంత పేరు దక్కలేదు.

నీళ్ల తర్వాత డ్రైవర్లకు అంతటి శత్రువు నిద్ర. 1942 జనవరిలో రోజుకు రెండు ట్రిప్పులు వేయాలని పిలుపు వచ్చింది. కునుకు పడితే తలకు తగిలి మోగేలా క్యాబిన్‌లో గిన్నె వేలాడదీసుకున్నామని ఆనాటి డ్రైవర్లు తర్వాత చెప్పుకున్నారు.

ఏప్రిల్ 24న బాట మూసేశారు. అప్పటికి దాని మీదుగా సుమారు 3,60,000 టన్నుల సరుకు వచ్చింది, దాదాపు ఐదున్నర లక్షల మంది ముట్టడి నుంచి బయటపడ్డారు. మరుసటి చలికాలం మళ్లీ తెరిచారు.

కొక్కొరెవో ఒడ్డున 1966లో ‘తెగిన వలయం’ అనే స్మారకం కట్టారు. రెండు అర్ధచంద్రాకారపు కాంక్రీటు తోరణాలు, మధ్యలో ఖాళీ. ఆ ఖాళీలోంచి కాంక్రీటులో అచ్చుపడిన లారీ టైర్ల జాడలు సరస్సు వైపు సాగుతాయి.