చెవికి ఆరామ్, సలామ్‌కి జవాబ్

ఫజర్ నమాజ్ అయ్యాక రోజూ అరగంట పార్కులో నడుస్తాను. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, వాటిలో ఏదో పాత ముషాయిరా. మొన్న మస్జిద్ మెట్ల దగ్గర మా గల్లీ పెద్దాయన నన్ను ఆపి, "నా మీద నారాజ్ ఉన్నావా బేటా?" అని అడిగారు. రెండు రోజులుగా పార్కులో వెనకనుంచి సలామ్ చెబుతున్నారట, నేను పలక్కుండా పోతున్నానట. షర్మిందా అయిపోయాను. సలామ్ చెప్పడం సున్నత్, జవాబివ్వడం వాజిబ్ అని చిన్నప్పుడే నేర్చుకున్నవాణ్ని కదా!

కసూర్ ఇయర్‌ఫోన్లదా, వాటిని ఎంచుకున్న నాదా? అఖ్బార్ మనిషిని, ఊరుకోలేను. వీటి తారీఖ్ తిరగేశాను.

చెవిలో దూర్చుకునే పరికరం ఐపాడ్ జమానాలో పుట్టిందనుకునేవాణ్ని. కాదు. 1891లోనే ఎర్నెస్ట్ మెర్కాడియే అనే ఫ్రెంచ్ ఇంజినీరు టెలిఫోన్ వినడానికి అలాంటి జత ఒకటి చేసి అమెరికాలో పేటెంట్ తీసుకున్నాడు. బరువు 50 గ్రాముల లోపే. చెవి ఒరుసుకుపోకుండా రబ్బరు తొడుగులు కూడా పెట్టాడు. ఈనాటి సిలికాన్ బుడిపెలకు అవే దాదాలు.

తర్వాత అమెరికాలోని యూటా రాష్ట్రంలో నథానియేల్ బాల్డ్విన్. ఇంటి వంటగదిలో హెడ్‌ఫోన్లు తయారుచేసి, 1910లో అమెరికా నౌకాదళానికి పంపాడు. ఆవాజ్ బ్రహ్మాండం, కానీ తలపట్టీతో తకలీఫ్‌గా ఉందన్నారు వాళ్లు. తోలు తొడిగిన రెండు కమ్మీలతో, తలకు తగ్గట్టు సర్దుకునే పట్టీ చేసిచ్చాడు. ఇంత చిన్న పనికి పేటెంట్ ఎందుకని వదిలేశాడట!

1968లో జర్మనీ కంపెనీ సెన్‌హైజర్ హెచ్‌డీ 414 తెచ్చింది. అప్పటిదాకా చెవిని మూసేస్తేనే మంచి ఆవాజ్ అనుకునేవారు. ఇది చెవి మీద స్పాంజి ఆనించి, వెనక భాగం తెరిచి ఉంచింది. గాలి ఆడింది, బయటి ఆవాజ్ కూడా లోపలికొచ్చింది.

నన్ను ఆపేసింది మాత్రం 1979 నాటి సోనీ వాక్‌మన్ కిస్సా. తయారీలో ఉన్నప్పుడు అకియో మోరితా ఇంటికి తెచ్చుకుని వింటుంటే, తనను పట్టించుకోవడం లేదని బేగమ్ నొచ్చుకుందట. ఒక్కడే వినడం బద్తమీజీ అనిపించి, ఇద్దరు వినేలా రెండు జాక్‌లు పెట్టించాడు. నొక్కితే పాట తగ్గి, చిన్న మైకు ద్వారా పక్కవాళ్ల మాట వినిపించే నారింజరంగు బటన్ కూడా పెట్టించాడు. తర్వాతి మోడళ్లలో ఆ బటన్ పోయింది. జనం ఏకాంతాన్నే కోరుకున్నారు మరి.

ఇదంతా చదివాక నాకు సమజైంది. ఆరామ్ అంటే చెవి నొప్పెట్టకపోవడం ఒక్కటే కాదు. పక్కన నడిచే మనిషికి కూడా మన చెవి మీద కొంచెం హక్ ఉంది.

అందుకే ఇప్పుడు నా దగ్గర రెండు జతలున్నాయి. నడకకు, చెవి రంధ్రం మూయకుండా దాని ముందు ఎముక మీద ఆని, కంపనాలతో వినిపించే రకం. పాటలో గుమకం తగ్గుతుంది, నిజమే. కానీ వెనక ఆటో హారన్ వినిపిస్తుంది. చెమటకు పాడవకుండా ఐపీఎక్స్4 గుర్తు చూసి కొన్నాను.

బస్సుకు, ఆఫీసుకు సిలికాన్ బుడిపెల రకం. డబ్బాలో మూడు సైజులిస్తే మనం మధ్యదే తగిలించుకుని నొప్పని తిట్టుకుంటాం. మూడూ పెట్టి చూడాలి. రెండు చెవులకు వేర్వేరు సైజులు సరిపోవచ్చు. సరిగ్గా కుదిరితే బయటి షోర్ తగ్గుతుంది, వాల్యూమ్ పెంచే జరూరత్ రాదు. పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్ చొప్పున వారానికి 40 గంటలు హద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐటీయూ 2019లో ప్రమాణం పెట్టాయి. చెవి అల్లా ఇచ్చిన అమానత్, పాడైతే కొత్తది దొరకదు.

నిన్న పార్కులో మళ్లీ వెనకనుంచి "అస్సలాము అలైకుమ్" వినిపించింది. ఈసారి ఆగి, వెనక్కి తిరిగి జవాబిచ్చాను. పెద్దాయన నవ్వి, "ఏం వింటున్నావు బేటా?" అన్నారు. ముషాయిరా పక్కన పెట్టి, మిగతా చుట్లు ఇద్దరం మాట్లాడుకుంటూ నడిచాం.