మొజంజాహీ మార్కెట్

'''మొజంజాహీ మార్కెట్''' హైదరాబాదు నగరం నడిబొడ్డున, అబిడ్స్, నాంపల్లి, కోఠి, బేగంబజారు వైపుల నుండి వచ్చే దారులు కలిసే కూడలిలో ఉన్న చారిత్రక భవనం. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో 1935లో నిర్మించబడినది. నగరాభివృద్ధి మండలికి అధ్యక్షుడిగా పనిచేసిన నిజాము రెండవ కుమారుడు మొజంజా పేరు దీనికి పెట్టారు.

== నిర్మాణం ==
గ్రానైటు రాతి కట్టడం. కూడలికి ఎదురుగా గడియారపు బురుజు, దానికి ఇరువైపులా దుకాణాల వరుసలు ఉన్నాయి.

== నగరవాసుల జ్ఞాపకాలు ==
పాత తరం వారికి ఇది ముందుగా పండ్ల మార్కెట్. టోకు పండ్ల వ్యాపారం 1980వ దశకంలో గడ్డిఅన్నారానికి తరలిపోవడంతో ఆ సందడి తగ్గింది. తరువాతి తరానికి మార్కెట్ అంటే ఐస్‌క్రీమే. వేసవి రాత్రులు కుటుంబసమేతంగా వచ్చి, ఆరుబయట కుర్చీలలో కూర్చుని సీతాఫలం, మామిడి ఐస్‌క్రీములు తినడం చాలామందికి బాల్యస్మృతి. అత్తరు, పాన్ దుకాణాలు కూడా పేరుపొందినవే.

== పునరుద్ధరణ ==
చుట్టుపక్కల పాత కట్టడాల స్థానంలో వాణిజ్య సముదాయాలు లేచాయి. 2018లో సమీపంలోని నాంపల్లికి మెట్రో రైలు వచ్చింది. ఇంత మార్పు నడుమ ఈ భవనం మాత్రం నిర్లక్ష్యానికి గురై శిథిలమవసాగింది. 2018లో మొదలైన పునరుద్ధరణ పనులు ముగిసి 2020 ఆగస్టులో తిరిగి ప్రారంభించబడినది. రాతిగోడలు శుభ్రపడ్డాయి. ఐస్‌క్రీము దుకాణాలు అక్కడే కొనసాగాయి. పండ్ల టోకు వ్యాపారం మాత్రం తిరిగి రాలేదు.