గొంగళి కొస నుంచి ఊలు టోపీ దాకా



మార్గశిరం వచ్చిందంటే హోసూరులో తెల్లవారుజామున గడప దాటడానికి ఒళ్లు వెనకాడుతుంది. ఊరు సముద్రమట్టానికి 850 మీటర్లకు పైన ఉంది గదా! శూళగిరి దాటి కృష్ణగిరి వైపు దిగేసరికి ఆ చలి కాస్త మెత్తబడుతుంది. పొద్దున్నే పాలు పోయడానికి వెళ్లేవారి తలమీద చూడండి, చెవులు మూసే మంకీ క్యాపు ఉంటుంది. మరి ఆ టోపీ రాకముందు మన పెద్దలు తలకు ఏం కప్పుకున్నారు?

గొంగళే కప్పుకున్నారు. దాని ఒక కొసను మూలగా మడిచి తలకు తగిలించుకుంటే తలా వీపూ రెండూ వెచ్చగా ఉండేవి. దాన్ని నేసినవారు కురుబలు. ఏడాదికి రెండు మార్లు గొర్రెబొచ్చు కత్తిరించి, ఏకి, ఆడవాళ్లు వడికేవారు, మగవాళ్లు నేసేవారు. నూలు బిగువుగా నిలవడానికి చింతగింజల గంజి పట్టించేవారు. ఉన్నిలో సహజంగా ఉండే జిడ్డు వల్ల వాననీరు త్వరగా లోపలికి దిగదు. అందుకే అది చలికీ, వానకూ, పడకకూ పనికివచ్చేది. 1800లో మైసూరు సీమ తిరిగిన ఫ్రాన్సిస్ బుకానన్ కురుబల గొర్రెల గురించీ, కంబళ్ల గురించీ రాసుకున్నాడు. ఆ గ్రంథం 1807లో లండనులో అచ్చయింది. 1956లో రాష్ట్రాల హద్దులు భాషలను బట్టి గీశారు గాని, 'కంబళి' అన్న మాట మాత్రం తెలుగు, కన్నడం, తమిళం మూడింటిలోనూ ఒక్కటే.

ఇక రెండు సూదులతో ఊలు అల్లే పని మనకు బయటినుంచి వచ్చింది. 1809లో బెంగుళూరు కంటోన్మెంటు వెలిసింది. 19వ శతాబ్దంలో మిషను బడులలో ఆడపిల్లలకు కుట్టుపనీ అల్లికపనీ నేర్పడం మామూలైంది. మన మంకీ క్యాపుకు మూలమైన టోపీకి క్రిమియా యుద్ధంలోని బాలక్లావా ఊరి పేరే నిలిచింది. అక్కడ యుద్ధం జరిగింది 1854 అక్టోబరు 25న. చలికి వణికే సిపాయిల కోసం ఇంగ్లండులో ఆడవాళ్లు అల్లికలు అల్లి పంపారు.

అల్లికల్లో చలికి బాగా పనికివచ్చేది బ్రియోష్ అల్లిక. ఇందులో ఒక ఉచ్చును అల్లకుండా పక్క సూదికి జరిపి, దానిమీదుగా ఊలు వేస్తారు. మరుసటి వరసలో ఆ రెండింటినీ కలిపి ఒకటిగా అల్లుతారు. అలా సాగితే రెండువైపులా ఒకేలా కనబడే లావైన గాళ్లు ఏర్పడతాయి. ఊలు ఎక్కువే పడుతుంది. కాని ఆ గాళ్ల నడుమ గాలి చిక్కుకుని కదలకుండా ఉంటుంది. మనల్ని వెచ్చగా ఉంచేది ఆ గాలే. గొంగళిలోని గరుకు ఉన్ని చేసే పనీ ఇదే.

'గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టు' అని మనమే అంటాం. ఆ వెంట్రుకలు గుచ్చుకుంటాయనే గొంగళిని పక్కన పెట్టి, మిల్లు నుంచి వచ్చే యాక్రిలిక్ టోపీ కొన్నాం. అది మెత్తన, చవక, తప్పు పట్టలేం. అయితే గొర్రెను మాంసానికే పెంచుతూ, నల్ల ఉన్నికి ధర లేక పారేస్తే, వడికే చేతికి పని పోతుంది. వడకడం పుస్తకం చదివితే వచ్చేది కాదు. పక్కన కూర్చుని, చేతిని చూసి నేర్చుకోవాలి. చూపించే చేయి ఒకసారి పోతే మళ్లీ రాదు.

కనుక ఈ చలికాలంలో ఒక పని చేయండి. అటక మీదో, పెట్టె అడుగునో పాత కంబళి ఉంటే తీసి ఎండలో వేయండి. అది ఎవరు నేశారో, ఏ సంతలో కొన్నారో ఇంట్లో పెద్దవారిని అడగండి. ఊలు అల్లే అత్తో పిన్నో ఉంటే, మీ అమ్మాయినీ అబ్బాయినీ కూడా ఆమె పక్కన కూర్చోబెట్టండి. ఒక టోపీ పూర్తయ్యేలోగా ఎన్ని పాత సంగతులు బయటపడతాయో మీరే చూస్తారు.

సెలవు.