ఇద్దరు రైతుల పేరిట రెండు కప్పులు

కాలిన్ మీడ్స్ న్యూజిలాండ్ జాతీయ జట్టు ఆల్ బ్లాక్స్ తరఫున 133 మ్యాచ్‌లు ఆడాడు. అందులో టెస్టులు 55. అంతటి ఆటగాడికి కూడు పెట్టింది మాత్రం రగ్బీ కాదు, సేద్యం. టె కుయిటి అనే చిన్న ఊరి దగ్గర తమ్ముడు స్టాన్‌తో కలిసి పశువుల్నీ గొర్రెల్నీ పెంచేవాడు. ఆల్ బ్లాక్స్‌తో దేశాలు తిరిగి వచ్చినా సొంత ప్రాంతం జట్టు కింగ్ కంట్రీని వదిలిపెట్టలేదు. 1955లో మొదలుపెట్టి 1972 దాకా ఆ జట్టుకే ఆడాడు.

న్యూజిలాండ్ రగ్బీకి వేరు అలాంటి జట్లలోనే ఉంది. అక్కడ ఈ ఆట 1870లో నెల్సన్ పట్టణంలో మొదలైంది. 1879 నాటికే కాంటర్‌బరీ, వెల్లింగ్టన్ ప్రాంతాలు సొంత యూనియన్లు పెట్టుకున్నాయి. దేశమంతటికీ ఒక యూనియన్ వచ్చింది 1892లో. అంటే ముందు ప్రాంతాలు, తర్వాతే దేశం. మన జిల్లా క్రికెట్ సంఘాల్లాంటివే ఇవీ. కాకపోతే ఊరి జనం వాటి మీద పెట్టుకునే ప్రాణం చాలా ఎక్కువ.

ఆ పట్టుదలకు గురి చూపించింది ఒక చెక్క షీల్డు. గవర్నర్ లార్డ్ రాన్‌ఫర్లీ ఒక కప్పు బహూకరిస్తానన్నాడు. తీరా వచ్చింది షీల్డు. దాని నడిమధ్య చెక్కిన బొమ్మ ఫుట్‌బాల్ ఆటది! కొత్తది చేయించకుండా, బొమ్మలోని గోల్‌కు పైకి రెండు నిలువు కర్రలు అతికించి రగ్బీ గోల్‌గా మార్చేశారు. 1902లో దాన్ని ఆక్లండ్‌కు ఇచ్చారు. 1904లో వెల్లింగ్టన్ 6-3తో గెలిచి పట్టుకుపోయింది. షీల్డు ఎవరి దగ్గరుంటే వాళ్ల మీదికి సవాలుకు వెళ్లాలి, గెలిస్తే ఇంటికి తెచ్చుకోవాలి. నియమం అంతే. చిన్న ప్రాంతానికి ఈ ఏర్పాటు వరమైంది, ఎందుకంటే ఏడాది పొడవునా గెలవనక్కర్లేదు, ఒక్క మధ్యాహ్నం గెలిస్తే చాలు. 1973లో మార్ల్‌బరో వెళ్లి కాంటర్‌బరీ నుంచి షీల్డు లాక్కొచ్చింది. మరుసటి ఏడాది సౌత్ కాంటర్‌బరీ దాన్ని మార్ల్‌బరో చేతిలోంచి తీసుకుంది.

షీల్డు మ్యాచ్‌లు ఎంత రక్తి కట్టినా, దేశంలో ఏ ప్రాంతం మేటి అన్నది వాటితో తేలదు. 1976లో జాతీయ ప్రావిన్షియల్ ఛాంపియన్‌షిప్ మొదలైంది. తొలి విజేత బే ఆఫ్ ప్లెంటీ. జట్లను డివిజన్లుగా విడగొట్టారు; 1985 నుంచి మూడో డివిజన్ కూడా వచ్చింది. మొదటి డివిజన్‌లో ఆడేవాళ్లూ మూడో డివిజన్‌లో ఆడేవాళ్లూ ఒకటే రకం మనుషులు. వారమంతా పని, శనివారం ఆట.

ఆ సమానత్వం 1995 దాకానే. టీవీ హక్కుల కోసం పెద్ద కంపెనీలు పోటీపడ్డాయి. ఆటగాళ్లు చేజారిపోతారన్న భయం బోర్డులను పట్టుకుంది. ఆ ఆగస్టులో అంతర్జాతీయ రగ్బీ బోర్డు ఈ ఆటలో జీతాలకు తలుపు తెరిచింది. 1996లో సూపర్ 12 అనే వృత్తి జట్ల పోటీ వచ్చింది. ఆక్లండ్, వైకాటో, వెల్లింగ్టన్, కాంటర్‌బరీ, ఒటాగోలు కేంద్రాలుగా న్యూజిలాండ్ నుంచి అయిదు వృత్తి జట్లు అందులోకి వెళ్లాయి. వాటి కింద నిలిచిన పెద్ద ప్రాంతాల జట్లు సగం వృత్తి జట్లయ్యాయి. సూపర్ జట్టులో చోటు దొరకని కుర్రాడికి ఆ సీజన్ వరకు ఒప్పందం, కొంత సొమ్ము. మిగతా నెలల్లో వేరే పని చూసుకోవాలి. ఇక చిన్న ప్రాంతాల చేతిలో ఇవ్వడానికి ఆ కాస్తా లేదు. మెరికలాంటి కుర్రాడు తయారైతే పెద్ద ప్రాంతం పిలుచుకుపోయేది.

2006లో ఈ ఉమ్మడి కాపురాన్ని వేరు చేశారు. నెల్సన్ బేస్, మార్ల్‌బరో కలిసి టాస్మన్ అయ్యాయి. దాంతో 27 యూనియన్లు 26 అయ్యాయి. పైన 14 జట్లకు డబ్బున్న పోటీ. మిగిలిన 12 జట్లకు హార్ట్‌ల్యాండ్ ఛాంపియన్‌షిప్. బుల్లర్, వెస్ట్ కోస్ట్, ఈస్ట్ కోస్ట్, కింగ్ కంట్రీ, వైరారాపా బుష్, సౌత్ కాంటర్‌బరీ ఇలా బొగ్గు గనులూ గొర్రెల మందలూ ఉన్న సీమలన్నీ అందులోకి వచ్చాయి. పైకి ఎక్కే దారి మూసేశారని కోపగించుకోవడానికి కారణం లేకపోలేదు. నాకు మాత్రం ఇది న్యాయమైన పనే అనిపిస్తుంది. జీతం తీసుకుని రోజూ సాధన చేసేవాడికీ, తెల్లవారుజామున పాలు పితికి సాయంత్రం ఫ్లడ్‌లైట్ల కింద సాధనకు వచ్చేవాడికీ మధ్య పోటీ పెట్టి ఓడిపోయినవాణ్ని తప్పుపట్టడం అన్యాయం. హార్ట్‌ల్యాండ్ ఆటగాళ్లకు రగ్బీ జీతం ఇప్పటికీ లేదు.

ఆ పోటీలో పెద్ద బహుమతికి మీడ్స్ పేరు పెట్టారు. రెండోదానికి వైరారాపా రైతు, ఆల్ బ్లాక్స్ కెప్టెన్, 1987 ప్రపంచ కప్ గెలిచిన జట్టు కోచ్ బ్రయాన్ లొకోర్ పేరు. 1971లో లొకోర్ ఆట మానేసి పొలం చూసుకుంటున్నాడు. బ్రిటిష్ లయన్స్‌తో మూడో టెస్టుకు రమ్మని హఠాత్తుగా కబురొచ్చింది. టెస్టు ఆడటానికి వెల్లింగ్టన్ వెళ్తున్నానని భార్యకు చీటీ రాసిపెట్టి బయల్దేరాడు. పోటీలో మొదటి నాలుగు స్థానాల వాళ్లు మీడ్స్ కప్పు సెమీఫైనల్స్‌కు, తర్వాతి నలుగురు లొకోర్ కప్పుకు. అయిదో స్థానంలో ఉన్న జట్టు అభిమానులకూ చివరి శనివారాల్లో మైదానానికి వెళ్లే పని ఉండాలన్న ఈ ఆలోచన ఎవరిదోగానీ వాళ్లకు పల్లె రగ్బీ బాగా తెలుసు.

తొలి మీడ్స్ కప్పు లొకోర్ సొంత ప్రాంతం వైరారాపా బుష్‌కే దక్కింది. ఆ తర్వాత వాంగనుయి మళ్లీ మళ్లీ గెలిచింది. 2012లో న్గాటి పోరౌ మావోరీల సీమ ఈస్ట్ కోస్ట్ గెలిచింది. 2021 నుంచి వరసగా మూడేళ్లు సౌత్ కాంటర్‌బరీది. రాన్‌ఫర్లీ షీల్డు ఉన్న పెద్ద జట్టు మీదికి సవాలుకు వెళ్లే అవకాశం ఈ చిన్న జట్లకు ఇప్పటికీ ఇస్తున్నారు. స్కోర్లు ఏకపక్షంగా ఉంటాయని తెలిసీ వాళ్లు ఆ మ్యాచ్ కోసం ఏడాదంతా ఎదురుచూస్తారు.