ముఖచిత్రములు - గురుఋణము

చింతామణి తాలూకాలోని కైవారము మా ప్రాంతపు తెలుగువారికి పుణ్యక్షేత్రము. తాతయ్యగా మనము భక్తితో తలచుకొను నారాయణ యోగీంద్రులు 1836లో సమాధి చెందిరని సంప్రదాయము. డాగెర్ ఛాయాచిత్రవిధానము పారిస్ నగరమున వెల్లడియైనది 1839లో. ఆ విద్య మన సీమకు చేరుటకు మఱింత కాలము పట్టినది. కావున తాతయ్యగారి రూపమును మనము చిత్రకారుల భావనలోనే దర్శింపవలసి యున్నది. మనిషి ముఖమును ఉన్నదున్నట్లు నిలుపు విద్య యెంత క్రొత్తదో దీనివలన తెలియును.

ఈ విద్యలో ఒకరి పనిని జూచి మఱియొకరు ఎదిగిన తీరు ఆలోచింపదగినది. జూలియా మార్గరెట్ కామెరాన్ 1815లో కలకత్తాలో జన్మించిన వనిత. 1863లో, నలువదియెనిమిదవ యేట, కుమార్తెయు అల్లుడును ఇచ్చిన కెమెరాతో ఆమె పని మొదలిడెను. డేవిడ్ విల్కీ విన్‌ఫీల్డ్ అను చిత్రకారుడు తన మిత్రులకు పాతకాలపు దుస్తులు తొడిగి, ముఖమే నిండుగా కనబడునట్లు తీసిన పటములు ఆమెను ఆకర్షించెను. ఆయనయొద్ద ఆమె నేర్చినది ఒక్క పాఠమే. అయినను తన యత్నమునకును విజయమునకును ఆయన పటములే మూలమని ఒక లేఖలో వ్రాసుకొనెను. 1867లో ఆమె తీసిన జాన్ హెర్షెల్ శాస్త్రజ్ఞుని పటములో నెరసిన జుట్టును, కన్నులును వెలుగుచుండ, తక్కినదంతయు చీకటి. వెలుగును గురువునుండి గ్రహించినది గాని, గురువు పటమును మరల తీయలేదు.

మన దేశమున లాలా దీనదయాళ్ 1844లో సర్ధనాలో జన్మించి, రూర్కీలో చదివి, ఇందూరు పబ్లిక్ వర్క్సు కచేరీలో అంచనాలు, నక్షాలు తయారుచేయు ఉద్యోగి యయ్యెను. కచేరీ కాగితములతో జీవితము గడపిన మావంటివారికిది ముచ్చట గొలుపు సంగతి. తరువాత ఆయన హైదరాబాదు ఆరవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడై, 1892లో పరదా స్త్రీలకై ప్రత్యేకముగా స్టూడియో నెలకొల్పి, దానిని ఒక స్త్రీకే అప్పగించెను. ఎదుట కూర్చున్నవారికి జంకు లేనప్పుడే ముఖము ముఖముగా నుండునని ఈ యేర్పాటు మనకు బోధించుచున్నది.

చిక్కబళ్లాపురము చేరువ ముద్దేనహళ్లిలో జన్మించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి రూపము 1960లో, వారు జీవించి యుండగనే, తపాలాబిళ్లపై వెలువడినది. ఆ తలపాగాను, నిటారైన కూర్కినీ జూచి మా పెద్దలెందరో అట్లే కూర్చుండి పటములు తీయించుకొనిరి. వెనుక తెరపై చిత్రించిన తోట, ప్రక్క బల్లపై పూలకుండీ, కదలరాదను కట్టడి: ఇవి అన్ని స్టూడియోలలోను ఒక్కటే. తెరను అనుకరించుట సులభము; అవ్వ చెంపపై వెలుగు ఎచ్చట ఆగవలెనో ఎఱుగుట కష్టము. ఆ కష్టము నేర్చినవారు బాగేపల్లి, చింతామణి వంటి చిన్న యూళ్లలోను లేకపోలేదు.

అయితే వారి పేర్లేవి? కామెరాన్ వ్రాసిపెట్టినందుననే విన్‌ఫీల్డు ఋణము నేడు మనకు తెలిసినది. మన గోడలపై పటములు వెలిసిపోవుచున్నవి. తీసినవాని పేరు లేదు. కొన్నింట కూర్చున్నవారి పేరును లేదు. ఇంటి పెద్దలు గుర్తుపట్టగలిగినన్నాళ్లే దీనికి గడువు. పటమును దించి, వెనుక స్టూడియో ముద్ర యున్నదేమో చూచి, పేరును, ఊరును పెన్సిలుతో వ్రాసియుంచుడని మా మనవి. రేపు కెమెరా పట్టు పిల్లవాడు ఎవరిని జూచి నేర్చెనో చెప్పుకొనుటకైనను ఒక పేరుండవలెను గదా.